భూతద్దం అక్క గీతలు

మా అక్క చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు వెనక్కి తిప్పేది. నా పెళ్లికి ఎవరో గోడగడియారం ఇచ్చారు. అందరూ బాగుందంటుంటే తను దాన్ని బోర్లించి మరలు లెక్కపెట్టి, "నాలుగుండాలి, మూడే ఉన్నాయి" అంది. ఎనిమిది నెలలకు అది ఆగిపోయింది. ఆ రోజు అక్క ఏమీ అనలేదు. గడియారంకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతకంటే అనడమే నయం.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమె చెకర్. పదిహేడో ఏట గుండీలు కుట్టడానికి చేరింది. పాతికేళ్లకి చెకింగ్ బల్ల దగ్గరికి మార్చారు. చివరిదాకా, ఇరవై నాలుగేళ్లు, అదే బల్ల, అదే ట్యూబ్‌లైటు. కుట్టిన చొక్కా బల్ల మీదికి వస్తుంది. కాలరు, భుజం, చంక, కఫ్, అంచు, ఆ వరసలో చూడాలి. తర్వాత లోపలివైపు తిరగేసి మళ్లీ అదే వరస. చొక్కాకి తొంభై సెకన్లు. కుట్టు తప్పిన చోట గోరంత ఎర్ర బాణం స్టిక్కరు అంటించాలి, మొన తప్పుకేసి చూసేలా. పక్కనున్న కాగితం మీద ఒక గీత గీయాలి. ఇరవై చొక్కాల బండిల్‌కి నాలుగు గీతలు దాటితే బండిల్ మొత్తం వెనక్కి పోతుంది. బాగుచెయ్యడానికి వీల్లేని చొక్కాకైతే మెడ దగ్గర లేబుల్ కత్తిరించి, మూలనున్న డబ్బాలో పడేస్తారు.

కుట్టేవాళ్లు ఆమెకి భూతద్దం అని పేరు పెట్టారు. ఎదురుగా పిలిచేటప్పుడు మర్యాదకి 'అక్క' తగిలించేవారు. "భూతద్దం అక్కా, ఈ ఒక్కటీ చూసీ చూడనట్టు వదిలెయ్యవూ!" అని బతిమాలేవారు. ఆమె వదిలేది కాదు. అలాగని కుట్టినవాళ్లని ఎన్నడూ ఏమీ అడిగేది కూడా కాదు. "అడిగితే బాగానే కుట్టానంటారు. ఇంక అడగడమెందుకు? చూడ్డమే" అనేది. తప్పు కనబడగానే గీత గీసేది కాదు. ఒకసారి పక్కన పెట్టి, ఇంకో చొక్కా చూసి, మళ్లీ దాన్ని తీసేది. రెండోసారి కూడా కనబడితేనే గీత.

పెళ్లయిన ఏడాదిన్నరకే పుట్టింటికి తిరిగొచ్చేసింది. "ఏమైందే?" అని అమ్మ అడిగితే, "లోపలి కుట్టు బాగోలేదు" అంది. అంతకుమించి మా బావ గురించి ఆమె నోట ఇంకో మాట ఎవరమూ వినలేదు.

అమ్మ పోయాక అక్క మా దగ్గరే ఉండిపోయింది. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆస్పత్రి గదిలో నర్సు చేతుల్లోంచి తీసుకుని, తువ్వాలు విప్పి, ముందు చేతివేళ్లు, తర్వాత కాలివేళ్లు, చెవుల వెనక, మెడ కింద, అన్నీ చూసింది. బోర్లా తిప్పి వీపు కూడా చూసింది. నర్సు నవ్వు ఆపుకోలేక, "పాసేనా అమ్మా?" అంది. "చూద్దాం" అంది అక్క. ఆ రోజే దానికి గువ్వ అని పేరు పెట్టింది. అసలు పేరు బడి రికార్డులో తప్ప ఎక్కడా లేదు.

గువ్వకి రెండున్నరేళ్లు వచ్చినా పిలిస్తే తిరిగి చూసేది కాదు. గిన్నెల మూతలు నేల మీద తిప్పి, అవి ఆగేదాకా చెంప నేలకి ఆనించి చూసేది. ఆగగానే మళ్లీ తిప్పేది. కావలసినదాన్ని వేలితో చూపించేది కాదు. ఏడిస్తే ఎందుకేడుస్తోందో మాకు తెలిసేది కాదు. అక్క స్టిక్కర్ల కాగితం ఒకటి దాని చేతికి దొరికితే చాలు, గోడ మీద వరసగా అంటించేది. బాణాలన్నీ ఒకే వైపు చూసేవి. ఒక్కటి వంకరపోయినా పీకి మళ్లీ అంటించేది. "నా చెయ్యే వచ్చింది దీనికి" అని అక్క మురిసిపోయేది.

మూడో ఏట డాక్టరు ఆటిజం అన్నాడు. తొందరగా మొదలుపెడితే మంచిది, రోజూ దానితో కూర్చుని ఆడేవాళ్లు కావాలి, అన్నాడు. ఆ సాయంత్రం అక్క రిపోర్టు కాగితాన్ని ముందూ వెనకా చూసింది. వెనక ఏమీ లేదు.

"ఎంతసేపు చూశాడు?" అంది.

"అరగంట చూసుంటాడక్కా."

"చొక్కాకే నేను తొంభై సెకన్లు చూస్తాను. అదీ రెండుసార్లు. పిల్లకి అరగంటేనా?"

"వాళ్లకి తెలుస్తుందే."

"తెలిస్తే ఇంకోసారి చూడ్డానికేం నొప్పి?" అంది. తర్వాత మెల్లిగా, "ఒరేయ్, ఇలా రాసి ఎవరికిస్తారురా? ఎక్కడైనా దాస్తారా?" అని అడిగింది.

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నించలేదు అంటే సరిపోతుంది. అప్పటికి నాకు నా దుఃఖమే సరిపోయింది.

ఆస్పత్రి వాళ్లే ఒక టీచరు అడ్రసు ఇచ్చారు. చిన్నపిల్లలకి ఆటతో మాట నేర్పే అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయేమో. భుజానికి తన సగం ఎత్తుండే గుడ్డసంచీ. వారానికి నాలుగు రోజులు, నాలుగింటి నుంచి అయిదున్నర దాకా మా ఇంటికే వచ్చేది. మా ఆవిడ పొద్దున ఇంట్లో ఉండి, రెండున్నరకి అక్క షిఫ్టు నుంచి రాగానే మందుల షాపుకి డ్యూటీకి వెళ్లేది. నేను ప్రెస్సు నుంచి వచ్చేసరికి ఎనిమిదయ్యేది. కాబట్టి టీచరు వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది అక్క ఒక్కతే. అక్క ఆమెకి సంచీ టీచరని పేరు పెట్టింది.

మొదటి రోజు నేను సెలవు పెట్టాను. టీచరు నాతో చాలాసేపు మాట్లాడింది. ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో, తన పుస్తకంలో ఏం రాసుకుంటుందో అంతా చెప్పి, అదే సంగతి ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. "ఇంట్లో అందరికీ చూపించండి సార్. ముఖ్యంగా అక్కయ్యగారికి. రోజంతా పాపతో ఉండేది వాళ్లే కదా" అంది. నేను దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ చొక్కా ఉతుక్కి పోయింది. ఈ కథలో తప్పుకి మొదటి బాణం అంటించాల్సింది అక్కడ.

రెండో రోజు రాత్రి నేను చెప్పులు విప్పుతుండగానే అక్క అందుకుంది.

"ఆ పిల్ల గువ్వని వెక్కిరిస్తోందిరా."

"వెక్కిరించడమేంటే?"

"ఇది మూత తిప్పితే తనూ మూత తిప్పుతోంది. ఇది ఊఁ అంటే తనూ ఊఁ అంటోంది. ఇది నేల మీద పడుకుంటే తనూ పడుకుంది, ఆ మంచి బట్టల్తో. నేనుండగానే! నేను లేకపోతే ఇంకేం చేస్తుందో."

"అలా చేస్తేనే పిల్ల వాళ్లని చూస్తుందట."

"చూసిందా?"

"ఏమో, నువ్వే కదా అక్కడున్నావ్."

అక్క నాకు అన్నం వడ్డించడానికి లేచింది. చూసిందని తర్వాత ఒప్పుకుంది. ఒక్కసారి, మూత ఆగిపోయినప్పుడు, గువ్వ తల ఎత్తి టీచరు మూత ఇంకా తిరుగుతుంటే దాన్ని చూసి, అక్కడినుంచి ఆమె మొహం చూసిందట. కానీ ఆ వారంలో అక్క లెక్కలో అది కూడా అనుమానాల జాబితాలోకే పోయింది. "మందు పెట్టినట్టు చూసిందిరా" అంది.

తర్వాత డబ్బా వచ్చింది. లోపలున్నవి కనబడే ప్లాస్టిక్ డబ్బా, నీలం మూత. అందులో గువ్వకి ప్రాణమైన బిస్కట్ ముక్కలు వేసి, పిల్ల చేతికి ఊడిరానంతగా మూత బిగించి, ముందు పెట్టి, టీచరు పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. గువ్వ డబ్బాని ఊపేది, నేలకేసి కొట్టేది, ఏడ్చేది. టీచరు కదిలేది కాదు. మొదటిసారి అక్క ఊరుకోలేక వచ్చి డబ్బా లాక్కుని మూత తీయబోయింది.

"ఒక్క నిమిషం ఆగండి అక్కయ్యగారూ."

"ఏం ఆగేది? పిల్ల ఏడుస్తుంటే కనబడట్లా?"

"కనబడుతోందండీ. మన దగ్గరికి వస్తుందేమో చూద్దాం."

"నీ ముందు అన్నం పెట్టి మూతేసి నేనిలా కూర్చుంటే నీకెలా ఉంటుందమ్మా?"

టీచరు నవ్వింది. ఆ నవ్వడం పెద్ద పొరపాటు. ఆ రోజు నుంచి అక్క కూడా ఒక పుస్తకం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలో పారేసే పాత చెకింగ్ కాగితాలు తెచ్చి, ఖాళీగా ఉన్న వెనక వైపులు పైకి వచ్చేలా పెట్టి, నడుమన దారంతో కుట్టుకుంది. టీచరు గదిలో ఉన్నంతసేపూ తను గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, ఒళ్లో ఏదో బట్ట పెట్టుకుని దారాలు కత్తిరిస్తున్నట్టు కూర్చునేది. మూత తీయని ప్రతిసారీ ఒక గీత, పక్కన ఎన్ని నిమిషాలో. ఏడిపించిన ప్రతిసారీ ఒక గీత. వెళ్లేటప్పుడు సంచీలో ఆటవస్తువులు పెట్టి తీసుకుపోతే, "అలవాటు చేసి పట్టుకుపోతుంది" అని ఒక గీత.

కానీ ఆమెకి నిద్రపట్టకుండా చేసింది డబ్బా కాదు, టీచరు పుస్తకం. అట్ట మీద ఏమీ రాయని బూడిదరంగు పుస్తకం. టీచరు ఆడుతూ ఆడుతూ మధ్యలో, గువ్వ మీంచి చూపు తిప్పకుండానే, పక్కనున్న ఆ పుస్తకం మీద గబుక్కున ఒక గీత గీసేది. ఇరవై ముప్ఫై అడుగుల దూరం నుంచి కూడా అక్క ఆ చేతి కదలికని గుర్తుపడుతుంది. పదహారేళ్లుగా రోజుకి కొన్ని పదులసార్లు తను చేస్తున్నది అదే.

"తప్పులు లెక్కేస్తోంది" అంది నాతో.

"ఏదో రాసుకుంటుందిలేవే."

"రాసుకోవడం వేరు, గీతలు గియ్యడం వేరు. గీతలు ఎందుకు గీస్తారో నీకు తెలీదు, నాకు తెలుసు. ఆ పుస్తకం ఎవరికి చూపిస్తుందో కనుక్కో."

"నువ్వే అడుగు."

"అడిగితే చెప్తారా?"

అప్పుడైనా జేబులో వేసుకున్న ఆ కాగితం గుర్తుకు రావాల్సింది. రాలేదు. "నీకు అందరి మీదా అనుమానమే. నీ ఫ్యాక్టరీ ఇంట్లో కూడా పెట్టకు" అని విసుక్కున్నాను. ఆమె మొహం చూడకుండానే అన్నాను.

ఆరో వారం, గువ్వ చేతులకి రంగు అంటితే టీచరు కడగడానికి బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లింది. పుస్తకం నేల మీద తెరిచే ఉంది. అక్క స్టూలు మీంచి లేచింది. పేజీ పైన ఏవో పొడి అక్షరాలు, ఆమెకి తెలియనివి. కింద వారం వారం గడులు. మొదటి వారం రెండు గీతలు. రెండో వారం మూడు. తర్వాత అయిదు. తర్వాత తొమ్మిది. తర్వాత పదకొండు. ఆ వారం ఇంకా పూర్తి కాకుండానే పద్నాలుగు.

నాలుగు దాటితే బండిల్ వెనక్కి పోతుంది. పద్నాలుగు గీతలు పడ్డది ఏదీ ఆ ఫ్యాక్టరీలో బాగుపడగా ఆమె చూడలేదు. మూలనున్న డబ్బా, మెడ దగ్గర కత్తెర. ఏ బడివాళ్లకో, ఏ డాక్టరుకో ఆ పేజీ చూపిస్తారు, పిల్ల ఇంక పనికిరాదని రాసి పక్కన పెట్టేస్తారు, ఇంతే ఆమెకి అర్థమైంది. బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడు ఆగేలోపు ఇంకోసారి చూసింది, తన రూలు ప్రకారం. రెండోసారి కూడా పద్నాలుగే.

మర్నాడు టీచరుని గుమ్మం బయటే ఆపింది. "వేరేచోట చూపిస్తున్నామమ్మా. ఇంక నువ్వు రానక్కర్లేదు" అంది. మాకేమో టీచరుకి ఒంట్లో బాగోలేదని, కొన్నాళ్లు రానని చెప్పిందని చెప్పింది. మా అక్క జీవితంలో నాకు తెలిసి చెప్పిన అబద్ధాలు ఈ రెండే. రెండూ ఒకే రోజు.

ఆ తర్వాత ఇంట్లో ప్రశాంతంగా ఉంది. నీలం మూత డబ్బా మాత్రం ముందురోజు టీచరు మా ఇంట్లోనే మర్చిపోయింది. అక్క దాని మూత తీసి పక్కన పడేసి, డబ్బాని గువ్వకి అందే చోట పెట్టింది. నీళ్లు అడక్కముందే గ్లాసు. మూతలన్నీ నేల మీదే. స్టిక్కర్ల కాగితాలు చేతికందేలా. తన పుస్తకంలో కొత్త పేజీ తీసి, టీచరు లేకుండా పిల్ల ఎంత బాగుంటుందో రుజువు చెయ్యడానికి గీతలు లెక్కపెట్టడం మొదలెట్టింది. ఏడిస్తే గీత. మొదటి రోజు ఒకటి. రెండో రోజు ఏమీ లేదు. మూడు, నాలుగు, అయిదు... ఒక్క గీతా లేదు. "చూశావా, టీచరు రాకపోతేనే పిల్ల ఎంత నిమ్మళంగా ఉందో" అంది మా ఆవిడతో. "అవును వదినా, ఈ మధ్య అసలు ఏడుపే లేదు" అని ఆవిడా సంతోషపడింది.

పదోరోజు సాయంత్రం సంగతి అక్క నాకు చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ ఒకేలా చెప్పేది, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా.

పుస్తకం తెరిచి ఖాళీ పేజీలు చూస్తోందట. ఫ్యాక్టరీలో ఒక్క తప్పూ లేని బండిల్ వస్తే సూపర్‌వైజరు కుట్టినవాళ్లని మెచ్చుకోడు. నేరుగా చెకింగ్ బల్ల దగ్గరికొచ్చి, "నిద్రపోయావా?" అని చెకర్ని అడుగుతాడు. ఇరవై చొక్కాల్లో ఒక్క దారం ముక్కయినా వేలాడకుండా ఉండదు. గీత లేదంటే చూసేవాళ్లు చూడలేదని. అక్క కూడా కొత్తవాళ్లకి మొదటి రోజు నేర్పేది అదే.

ఎనిమిది రోజుల ఖాళీ పేజీలు.

అప్పుడు తలెత్తి గువ్వని చూసింది. కిటికీ కింద, గోడవైపు తిరిగి, మూత తిప్పుకుంటోంది. నిన్న కూడా అక్కడే. మొన్న కూడా. బిస్కట్ కావాలంటే లేచి తీసుకుని మళ్లీ అక్కడికే వెళ్తుంది. ఈ పది రోజుల్లో పిల్ల ఒక్కసారైనా తన దగ్గరికి వచ్చిందా? అక్క ఒక్కో రోజూ గుర్తుచేసుకుంది. రాలేదు. రావలసిన పనే లేదు. అన్నీ అందుతున్నాయి. మరి ఆ టీచరు దగ్గరికి? ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టి నిలబడేది కదా. ఒకసారి గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది కదా. గుమ్మంలో స్టూలు మీద కూర్చుని అదంతా తను చూసింది. చూసింది కానీ గీతలు ఏడుపుకే గీసింది.

లేచి డబ్బాకి నీలం మూత పెట్టి బిగించింది. గువ్వ పక్కన నేల మీద కూర్చుని డబ్బాని మధ్యలో పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది, ఆ అమ్మాయి పెట్టుకున్నట్టే.

"ఎంత కష్టంరా అది!" అనేది నాతో. "ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ రోజుల్లో పన్నెండు గంటలు నిలబడ్డాను. అదేం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం..."

గువ్వ డబ్బా ఊపింది. విసిరింది. ఏడ్చింది. అక్క తనూ ఏడ్చిందట, చేతులు కదపకుండా. గువ్వ ఏడుపు ఆపి చాలాసేపు డబ్బాని చూసింది. తర్వాత దాన్ని తీసుకుని అక్క ఒళ్లో పెట్టింది. అక్క చేతిని పట్టుకుని మూత మీద వేసింది. అప్పుడు, ఒక్క క్షణం, తలెత్తి మొహంలోకి చూసింది.

అక్క మూత తీసింది. బిస్కట్ ముక్క ఇచ్చింది. ఇచ్చాక, తనకి తెలియకుండానే, ఎన్నో ఏళ్ల అలవాటు మీద, చెయ్యి పక్కనున్న పుస్తకం మీదికి వెళ్లి ఒక గీత గీసింది.

ఆ గీతకేసి చూస్తూ కూర్చుండిపోయిందట. గువ్వ ఇంకో ముక్క కోసం మళ్లీ చెయ్యి పట్టుకుని లాగేదాకా.

రాత్రి మాకు అంతా చెప్పింది. మా ఆవిడ ఎన్నడూ వదినగారికి ఎదురు చెప్పని మనిషి. "పది రోజులు, వదినా! నాతో ఒక్క మాటనలేదు" అని లోపలికెళ్లి తలుపేసుకుంది. నేను అరవబోయాను. అప్పుడు ఆ ఉతికిన చొక్కా గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను.

మర్నాడు షిఫ్టు అవగానే అక్క ఆ టీచరు ఉండే చోటికి వెళ్లింది, నన్ను కూడా లాక్కుని. మేడ మీద చిన్న గది, గుమ్మం బయట నాలుగు జతల బుల్లి చెప్పులు. లోపల ఎవరో బాబు ఏడుస్తున్నాడు. అక్క వెంటనే గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసింది.

"అలవాటు పోలేదన్నమాట" అంది టీచరు బయటికి వచ్చి.

అక్క తన పుస్తకం ఆమె చేతిలో పెట్టింది. టీచరు పేజీలు తిప్పింది. తారీఖులు, టైములు, గీతలు. ఎంతసేపు మూత తీయలేదో నిమిషాలతో సహా.

"ఇవన్నీ నా మీదేనా?"

"నీ మీదే."

"ఆరు వారాలు నన్ను దొంగని చూసినట్టు చూశారండీ."

"దొంగవని ఎవరన్నారమ్మా? కుట్టేవాళ్లని చూసినట్టు చూశాను. నాకు వచ్చిన చూపు అదొక్కటే."

టీచరు నవ్వలేదు. మళ్లీ పేజీలు తిప్పింది. మొదటి వారం ఒక్కోసారి ఏడెనిమిది నిమిషాలు. ఆఖరి వారం ఒకటి, ఒకటిన్నర. "నేను ఎన్నిసార్లు వచ్చిందో రాసుకున్నాను గానీ, ఎంతసేపటికి వచ్చిందో రాసుకోలేదు" అంది నెమ్మదిగా. "చెయ్యి పట్టుకుంటే ఒక గీత, మొహం చూస్తే ఒక గీత. అంతే నా పుస్తకంలో ఉన్నది. మీరడిగితే చెప్పేదాన్ని కదా అక్కయ్యగారూ."

"అడగడం నాకు రాదు" అంది అక్క. "గువ్వకీ రాదు. దానికి నేర్పుతున్నావు కదా."

అయినా జరిగింది జరిగిపోయింది. మా నాలుగు సాయంత్రాలూ ఆ ఏడుస్తున్న బాబుకి వెళ్లిపోయాయి. వేచి ఉన్నవాళ్లు ఇంకా పన్నెండు మంది. టీచరు దగ్గర మిగిలింది శనివారం పొద్దున ఒక గంట. "అంతకంటే లేదండీ. వాళ్లని మాత్రం ఎలా పొమ్మంటాను?" అంది. అక్క వాదించలేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం, "పది రోజులు కాదురా, వారం వారం నాలుగు సాయంత్రాలు పోగొట్టాను దానికి. ఇంక అవి రావు" అంది.

ఆ శనివారాలే నిలిచాయి. మిగిలిన రోజులు అక్కవి. టీచరు దగ్గర గంట కూర్చుని చూసింది తను వారమంతా చేసేది. ఇల్లంతా మార్చేసింది. గువ్వకి కావలసిన ప్రతిదీ కనబడే చోటే, కానీ అందని ఎత్తులో పెట్టింది. పక్కింటావిడ వచ్చి, "చిన్నపిల్లకి అందకుండా ఇవేం పెట్టడాలమ్మా!" అని ముక్కుమీద వేలేసుకుంటే, "నేనూ ఇలాగే అన్నాలెండి" అంది. పొద్దున లేచినప్పటి నుంచి చెయ్యాల్సినవి బొమ్మల కార్డులుగా గోడకి వరసగా అంటించింది. కార్డు మీది పని అయిపోగానే గువ్వ దాని కింద ఒక ఎర్ర బాణం అంటించాలి. ఫ్యాక్టరీ స్టిక్కర్లు మా ఇంట్లో అర్థం మార్చుకున్నాయి. కాకపోతే అక్క టీచరుని పూర్తిగా నమ్మిందని మాత్రం నేను చెప్పను. ప్రతి శనివారం ఆమె పుస్తకం అడిగి తీసుకుని, తన పుస్తకం పక్కన పెట్టి, గీత గీతకీ సరిచూసేది. "ఇక్కడ రెండు ఎక్కువేశావ్. అది నిన్ను చూళ్లేదు, నీ వెనక కిటికీని చూసింది." టీచరు ఆ రెండూ కొట్టేసేది.

గువ్వ అయిదో ఏట 'తియ్యి' అంది. తర్వాత 'అత్త తియ్యి'. ఆరేళ్లకి బడిలో చేర్చుకున్నారు, పక్కన ఒక మనిషి కూర్చునే ఏర్పాటుతో. ఇప్పుడు దానికి పదకొండు. ఓ ముప్ఫై నలభై మాటలున్నాయి, అన్నీ పనికొచ్చేవే. తిరిగే వస్తువులంటే ఇప్పటికీ ప్రాణం. పిలిస్తే పదిసార్లలో ఏడుసార్లు తిరుగుతుంది. ఏడే అని ఎంత కచ్చితంగా చెబుతున్నానంటే, అక్క లెక్కపెట్టింది కాబట్టి.

అక్క పోయిన ఏడాది వానల్లో పోయింది. వారం రోజుల జ్వరం. మూడో రోజు ఆస్పత్రిలో మంచం పక్కన వేలాడే చార్టు తీసి చూసి, "నిన్నటి పేజీలో ఒక పూట టెంపరేచర్ రాయలేదు" అంది. ఆమె దగ్గర నేను విన్న ఆఖరి తప్పు అదే.

గువ్వకి ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు. అది ఏడవలేదు. అడగలేదు. బంధువులు, "దానికేం తెలుస్తుందిలే పాపం" అన్నారు. నాకూ అలాగే అనిపించింది, అనిపించినందుకు సిగ్గుపడ్డాను.

పదిహేను రోజుల తర్వాత ఒక సాయంత్రం నీలం మూత డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆ మూత తీయడం దానికి ఎప్పుడో వచ్చు. అయినా నా చెయ్యి పట్టుకుని మూత మీద వేసి, "తియ్యి" అంది. డబ్బాలో ఇప్పుడు బిస్కట్లు లేవు, అక్క మిగిల్చిన స్టిక్కర్ల కాగితాలున్నాయి. మూత తీశాను. ఒక బాణం ఊడదీసుకుని నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్లి, అక్క స్టూలు మీద అంటించింది. మొన స్టూలు నడుమకి, కూర్చునే చోటుకి, చూసేలా అంటించింది.

నేను నమ్మలేదు. పిల్లలు ఎక్కడైనా అంటిస్తారు. గోడకి అంటిస్తారు, స్టూలుకి అంటిస్తారు. నేను చూడాలనుకున్నదే నాకు కనబడుతోందేమో. అక్క ఉంటే ఇదే అనేది. గువ్వ నిద్రపోయాక ఆ బాణాన్ని గోరుతో పీకేశాను. జిగురు మరక కూడా లేకుండా తుడిచాను.

మర్నాడు సాయంత్రం నేను ఏమీ మాట్లాడకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి గువ్వ డబ్బా తెచ్చింది. "తియ్యి." తీశాను. ఒక బాణం. అదే స్టూలు. అదే చోటు. అంటించి, ఒక అడుగు వెనక్కి వేసి, మొన సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. తర్వాత తిరిగి నా మొహంలోకి చూసింది.

దారంతో కుట్టిన ఆ పుస్తకం బీరువాలోంచి తీశాను. ఆఖరి పేజీలో తారీఖు వేసి, ఒక గీత గీశాను.